నల్ల చిరుత పత్తిచేలో పుట్టింది

అమెరికా నల్లజాతి పోరాటం మీద తెలుగులో వ్యాసం రాయాలంటే మనకు మూడు ఫోటోలు చాలు. మొదటిది వాషింగ్టన్ సభలో చేయెత్తి మాట్లాడుతున్న మార్టిన్ లూథర్ కింగ్. రెండోది చూపుడువేలు ఎత్తిన మాల్కం ఎక్స్. ఒకరు మంచివాడు, ఇంకొకరు కోపిష్టి. రాసేవాళ్లు కాస్త ఎర్రగా ఉంటే మూడో ఫోటో కూడా వస్తుంది: నల్ల టోపీ, తోలు కోటు, చేతిలో తుపాకీ. బ్లాక్ పాంథర్. వ్యాసం పూర్తయిపోయింది.

ఈ ఫోటోలతో నాకు తగాదా లేదు. వాటి కింద మనవాళ్లు రాసుకునే తీర్పులతోనే నా తగాదా. ఆ తీర్పులు రెండు రకాలు. నల్లవాళ్లు తమ ఆత్మగౌరవం కోసం తామే లేచారు, కమ్యూనిజం తెల్లవాళ్లు బయటి నుంచి తెచ్చి వాళ్లకు అంటగట్టిన సరుకు, అవసరం తీరాక వాళ్లను వదిలేశారు అనేది మొదటి తీర్పు. జాతి పేరుతో వేరు కుంపటి పెట్టుకోవడం వల్లనే అమెరికాలో కార్మికోద్యమం చీలిపోయింది, ముందు వర్గం సంగతి తేలితే జాతి సంగతి దానంతటదే తేలేది అనేది రెండో తీర్పు. ఈ రెండూ అమెరికా గురించి చెప్తున్నట్టు కనిపిస్తాయిగానీ, నిజానికి ఇక్కడి కుల వర్గ చర్చల కోసం తయారుచేసుకున్న సాక్ష్యాలు. మన పంచాయితీలోకి నల్లవాళ్లను సాక్షులుగా పిలుచుకొచ్చి, వాళ్ల నోట మన మాట పలికిస్తున్నాం.

సాక్షిని పిలిచినవాళ్లు సాక్షి చెప్పేది పూర్తిగా వినాలి. వింటే రెండు తీర్పులూ నిలబడవు. నల్లజాతి విముక్తి ఉద్యమంలో విప్లవ పాయ ఒకటి వందేళ్లుగా ఉంది. అది మాస్కో నుంచి పార్సిల్లో రాలేదు, తుపాకీ గొట్టంలోంచీ రాలేదు. భూమి ఎవరిది, చాకిరీ ఎవరిది, లెక్క రాసేది ఎవరు అని అడిగిన కౌలుదార్లు, కూలీలు, పనిమనుషుల నుంచి వచ్చింది. దాన్ని పక్కనపెట్టి ఆ ఉద్యమ చరిత్ర చెప్తే, చెట్టు మొదలు నరికేసి కొమ్మలు చూపించినట్టే.

మొదట ఆ "బయటి సరుకు" సంగతి చూద్దాం. 1919లో న్యూయార్క్‌లోని హార్లెంలో ఆఫ్రికన్ బ్లడ్ బ్రదర్‌హుడ్ అనే సంస్థ పుట్టింది. పెట్టినవాడు సిరిల్ బ్రిగ్స్, నెవిస్ అనే కరీబియన్ దీవి నుంచి వలస వచ్చిన పత్రికా రచయిత. అప్పటికే "క్రూసేడర్" అనే పత్రిక నడుపుతున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్ల సైనికుల మీద, వాళ్ల పేటల మీద ఊరూరా తెల్ల మూకలు పడుతున్న ఏడాది అది. ఆత్మరక్షణ, జాతి విముక్తి, పెట్టుబడికి వ్యతిరేకత, ఈ మూడూ ఒకే చోట పెట్టి మాట్లాడిన నల్లవాళ్ల సంస్థ ఇది. తర్వాత కొద్ది ఏళ్లలో వీళ్లలో చాలామంది కమ్యూనిస్టు పార్టీలోకి వెళ్లారు. ఎవరో వచ్చి తీసుకెళ్తే వెళ్లినవాళ్లు కాదు. తమ ప్రశ్నలు తాము సిద్ధం చేసుకుని, వాటికి జవాబు అక్కడ దొరుకుతుందేమోనని వెళ్లినవాళ్లు.

అలా వెళ్లినవాళ్లలో హారీ హేవుడ్ ఒకడు. 1898లో నెబ్రాస్కాలో, బానిసలుగా పుట్టిన తల్లిదండ్రులకు పుట్టాడు. ఫ్రాన్సులో యుద్ధం చేసి షికాగో వచ్చేసరికి 1919 జూలై అల్లర్లు. తాను చేయాల్సిన యుద్ధం సముద్రానికి అవతల లేదని, ఇక్కడే ఉందని అతనికి అప్పుడే అర్థమైంది. 1928లో మాస్కోలో కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ ఆరో మహాసభ ఒక తీర్మానం చేసింది: అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లు ఎక్కువగా ఉన్న నల్లరేగడి పత్తి ప్రాంతంలో వాళ్లు ఒక అణచబడ్డ జాతి, వాళ్లకు స్వయంనిర్ణయాధికారం ఉండాలి. దీని వెనుక హేవుడ్ వాదన బలంగా ఉంది. సరదా ఏమిటంటే, అప్పుడు మాస్కోలో ఉన్న నల్ల కమ్యూనిస్టుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోలేదు. హేవుడ్ సొంత అన్న ఒట్టో హాల్ కూడా ఎదురు వాదించాడు.

ఆ సిద్ధాంతం సరైనదా కాదా అనేది ఇప్పటికీ వాదించుకోవచ్చు. నాకు ముఖ్యం అనిపించేది వేరే సంగతి. తెల్ల కార్మికుడు మారేదాకా ఆగమని చెప్పే సోషలిస్టులు అంతకుముందు అమెరికాలో ఎందరో ఉన్నారు. నల్లవాళ్ల సమస్య విడిగా లేదు, అది కార్మిక సమస్యలో భాగమే అనేవాళ్లు. ఆ మాటను తిప్పికొట్టి, నల్లవాళ్ల విముక్తి తనంతట తానే ఒక విప్లవ సమస్య అని ఒప్పించింది నల్ల విప్లవకారులే. అంటే మార్క్సిజం వాళ్లను మార్చినంతగా వాళ్లూ మార్క్సిజాన్ని మార్చారు. దీన్ని "వాడుకోబడ్డారు" అని రాసేవాళ్లు నల్లవాళ్లకు ఆలోచన లేదని చెప్తున్నారు. ఆ మాట వాళ్లకు ఎంత గౌరవంగా ఉందో వాళ్లే చూసుకోవాలి.

సిద్ధాంతం నుంచి పొలంలోకి దిగుదాం. 1931, అలబామా రాష్ట్రం, టాలపూసా కౌంటీ. అక్కడ నల్లవాళ్లు ఎక్కువమంది పాలుకు సేద్యం చేసేవాళ్లు. భూమి ఆసామిది. విత్తనం, ఎరువు ఆసామి అప్పుగా ఇస్తాడు. ఏడాది పొడుగునా తిండి కూడా అప్పు మీదే, అదీ అతను చెప్పిన కొట్లోనే. పంట అమ్మేది అతనే, లెక్క రాసేది అతనే. సంవత్సరం చివర లెక్క తేలిస్తే రైతే బాకీ. తెలంగాణలో దొరల గడీల దగ్గర నాగు లెక్కలు చూసిన పెద్దవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

ఈ కౌలుదార్లు కమ్యూనిస్టుల సాయంతో సంఘం పెట్టారు. తర్వాత అదే షేర్‌క్రాపర్స్ యూనియన్ అయింది. వాళ్లు అడిగినవి చూడండి. తిండికిచ్చే అప్పు నడుమ ఆపొద్దు. కూలి డబ్బు రూపంలో ఇవ్వాలి. మా పంట మేమే అమ్ముకుంటాం. ఇంటి దగ్గర కూరగాయల పాదుకు కాస్త జాగా కావాలి. మా పిల్లలకు ఏడాదిలో తొమ్మిది నెలలు బడి నడవాలి, బడికి ఉచితంగా బస్సు ఉండాలి. ఇంతే. దీనికి జవాబుగా ఆ జూలైలోనే పోలీసులు, తెల్ల మూక కలిసి సంఘం నాయకుడు రాల్ఫ్ గ్రేను కాల్చి చంపారు. చెదిరిపోయిన సంఘాన్ని మళ్లీ కూడగట్టిన వాళ్లలో అతని సోదరుడి కూతురు యూలా గ్రే ఉంది. వయసు పంతొమ్మిదేళ్లు. ఆడవాళ్లు కుట్టుపని సంఘాల పేరుతో కూడేవాళ్లు. బయటికి కుట్టుపని, లోపల చదువుకోవడం, ఉత్తరాలు రాయడం, రాజకీయం.

1932 డిసెంబరులో క్లిఫర్డ్ జేమ్స్ అనే రైతు పశువులను అప్పు కింద జప్తు చేయడానికి పోలీసు వస్తే, అడ్డం నిలబడ్డవాళ్లలో నెడ్ కాబ్ ఒకడు. కాల్పులు జరిగాయి. గాయాలతో క్లిఫర్డ్ జేమ్స్ జైల్లోనే చనిపోయాడు. నెడ్ కాబ్ పన్నెండేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. అతనికి చదవడం రాయడం రాదు. ముసలితనంలో తన జీవితమంతా నోటితో చెప్తే థియొడర్ రోజెన్‌గార్టెన్ అనే యువకుడు రికార్డు చేశాడు. "ఆల్ గాడ్స్ డేంజర్స్" పేరుతో 1974లో పుస్తకంగా వచ్చింది, దానికి నేషనల్ బుక్ అవార్డు కూడా వచ్చింది. అక్షరం రాని ఆ రైతుకు తన దగ్గర నుంచి ఎవరు ఎంత దోచారో ఏడాదివారీగా, బేలు లెక్కన గుర్తుంది. ఇలాంటి మనిషి దగ్గరికి వెళ్లి, అయ్యా, నీది జాతి పోరాటమా వర్గ పోరాటమా అని అడిగితే ఏమనుకుంటాడు? వచ్చినవాడికి వ్యవసాయం తెలియదని అనుకుంటాడు.

అదే ఏళ్లలో స్కాట్స్‌బరో కేసు నడిచింది. 1931 మార్చిలో తొమ్మిదిమంది నల్ల కుర్రాళ్లను రైలు దింపి, ఇద్దరు తెల్ల ఆడవాళ్లను బలాత్కారం చేశారని అబద్ధపు కేసు పెట్టారు. రోజుల వ్యవధిలో ఎనిమిదిమందికి మరణశిక్ష పడింది. ఆ కేసును వీధుల్లోకి తెచ్చి ప్రపంచమంతా వినిపించేలా చేసింది కమ్యూనిస్టుల రక్షణ సంస్థ. ఎవరికీ మరణశిక్ష అమలు కాలేదు. 1932లో అట్లాంటాలో నిరుద్యోగుల కోసం నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ ఒకే ఊరేగింపులో నడిపించినందుకు ఏంజెలో హెర్న్‌డన్ అనే కుర్రాడి మీద తిరుగుబాటు కేసు పెట్టారు. నల్లవాడు ఒంటరిగా ఏడిస్తే ప్రభుత్వం ఓర్చుకుంది. పక్కన పేద తెల్లవాడిని నిలబెట్టుకుంటే దేశద్రోహం అంది.

ఇప్పుడు నా శీర్షికకు వస్తాను. 1935లో షేర్‌క్రాపర్స్ యూనియన్ పత్తి ఏరే కూలీల సమ్మె చేసిన చోట్లలో అలబామాలోని లౌండ్స్ కౌంటీ ఒకటి. సమ్మెను నెత్తురుతో అణిచేశారు. ముప్పై ఏళ్ల తర్వాత, 1965 మొదట్లో, అదే కౌంటీలో జనాభాలో 80 శాతం నల్లవాళ్లు. ఓటరు జాబితాలో ఒక్క నల్ల పేరు కూడా లేదు. తెల్ల ఓటర్లు మాత్రం ఓటు వయసున్న తెల్లవాళ్ల కంటే ఎక్కువమంది ఉన్నారు. చచ్చినవాళ్లు ఓటేసే విద్య మనవాళ్లకే తెలుసనుకోవద్దు.

స్నిక్ అనే విద్యార్థి సంస్థ నుంచి స్టోక్లీ కార్‌మైకేల్, అతని సహచరులు ఆ కౌంటీకి వెళ్లి, అక్కడి జాన్ హ్యూలెట్ లాంటి స్థానికులతో కలిసి నల్లవాళ్ల సొంత పార్టీ పెట్టారు. అలబామాలో ప్రతి పార్టీకీ గుర్తు ఉండాలి, చదువు రాని ఓటర్ల కోసం. డెమొక్రాటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు, దాని మీద తెల్లవాళ్ల ఆధిపత్యం వర్ధిల్లాలన్న నినాదం. లౌండ్స్ కౌంటీ పేదలు ఎంచుకున్న గుర్తు నల్ల చిరుత. ఎన్నికల గుర్తు అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? మన పోస్టర్ల మీద తుపాకీతో కనిపించే ఆ చిరుత మొదట బ్యాలెట్ పేపర్ మీద పుట్టింది. ఓటు నమోదు చేయించుకున్న కౌలుదార్లను ఆసాములు భూమి మీద నుంచి గెంటేస్తే, వాళ్లు హైవే పక్కన గుడారాలు వేసుకుని రెండేళ్లకు పైగా ఉన్నారు. రాత్రిళ్లు ఆ గుడారాల మీద కాల్పులు జరిగేవి. 1966 నవంబరు ఎన్నికల్లో చిరుత గుర్తు ఓడిపోయింది. 1970లో జాన్ హ్యూలెట్ అదే కౌంటీకి షెరీఫ్ అయ్యాడు.

1966 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ తమ పార్టీకి పెట్టుకున్నది ఈ గుర్తే. ఆ చిరుత వెనక పత్తి సమ్మె ఉంది, గుడారాల ఊరు ఉంది, పొలం పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. అవన్నీ తుడిచేసి తుపాకీని మాత్రం ఉంచిన ఫోటో మనది.

తుపాకీ గురించి కూడా ఒక మాట. అహింస ఒకవైపు, తుపాకీ ఒకవైపు అని మనం గీసుకున్న గీత అక్కడ నేల మీద లేదు. దక్షిణాదిలో నల్ల రైతు ఇంట్లో తుపాకీ ఉండటం మామూలు విషయం. 1956లో మాంట్‌గొమరీలో తన ఇంటి మీద బాంబు పడ్డాక కింగే తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకున్నాడు, ప్రభుత్వం ఇవ్వలేదు. 1964లో లూసియానాలో డీకన్స్ ఫర్ డిఫెన్స్ అనేవాళ్లు తుపాకులతో అహింసా కార్యకర్తలకు కాపలా కాశారు. కాబట్టి విప్లవకారుడెవరు అని తేల్చడానికి చేతిలో ఏముందో చూస్తే లాభం లేదు. ఏం అడుగుతున్నాడో చూడాలి.

అలా చూస్తే కింగ్ ఫోటో కూడా మారిపోతుంది. 1963 వాషింగ్టన్ ఊరేగింపు పూర్తి పేరులో "ఉద్యోగాలు" అనే మాట "స్వేచ్ఛ" కంటే ముందుంది. దాన్ని నడిపిన పెద్దమనిషి ఫిలిప్ రాండాల్ఫ్, రైళ్లలో పనిచేసే నల్ల పోర్టర్ల యూనియన్ నాయకుడు. 1968 ఫిబ్రవరిలో డు బోయిస్ శతజయంతి సభలో కింగ్ మాట్లాడుతూ, డు బోయిస్ చివరి ఏళ్లలో కమ్యూనిస్టు అయిన సంగతిని దాచిపెట్టడం ఇక మానాలని చెప్పాడు. అప్పటికి మెంఫిస్ నగరంలో చెత్తబండి యంత్రంలో పడి ఇద్దరు పారిశుధ్య కార్మికులు నలిగిపోయి చనిపోయారు, 1300 మంది సమ్మెలో ఉన్నారు. ఆ సమ్మెకు మద్దతుగా వెళ్లిన కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే చంపారు. మనం ఏటా తలుచుకునే కింగ్ 1963లో ఆగిపోతాడు. తర్వాతి అయిదేళ్ల కింగ్ ఎవరికీ అక్కర్లేదు. మాల్కం సంగతీ అంతే. చివరి ఏడాదిలో పెట్టుబడిదారీ విధానాన్నీ జాతి ద్వేషాన్నీ విడదీయలేమని చెప్పిన మాల్కం మన ఫోటోలో లేడు.

ఇక రెండో తీర్పు ఇచ్చేవాళ్లతో మాట్లాడాలి. జాతి పేరుతో చీల్చారు అంటున్న వర్గవాదులకు డెట్రాయిట్ వెళ్లమని చెప్తాను. 1968 మేలో డాడ్జ్ మెయిన్ కార్ల ఫ్యాక్టరీలో పని వేగం పెంచినందుకు కార్మికులు సమ్మెకు దిగారు. నల్లవాళ్లూ దిగారు, తెల్లవాళ్లూ దిగారు. శిక్షలు మాత్రం ఎక్కువగా నల్లవాళ్లకే పడ్డాయి. జనరల్ బేకర్ లాంటివాళ్ల ఉద్యోగాలు పోయాయి. యూనియన్ ఏం చేసింది? తెల్ల నాయకత్వంలోని ఆ యూనియన్‌కు సామాజిక న్యాయం గురించి మంచి పేరు ఉండేది, కింగ్‌తో కలిసి ఊరేగింపుల్లో నడిచిన చరిత్ర ఉంది. ఫ్యాక్టరీ లోపల మాత్రం బరువు పని, పొగ పని, ప్రమాదం పని నల్లవాడిది. సూపర్‌వైజర్ తెల్లవాడు, యూనియన్ ఆఫీసులో కుర్చీ కూడా తెల్లవాడిదే.

అప్పుడు పుట్టింది డాడ్జ్ రివల్యూషనరీ యూనియన్ మూవ్‌మెంట్. పొట్టిగా డ్రమ్. మిగతా ఫ్యాక్టరీల్లో పుట్టినవాటితో కలిపి 1969లో లీగ్ ఆఫ్ రివల్యూషనరీ బ్లాక్ వర్కర్స్ అయింది. వీళ్లు మార్క్స్‌ను చదివారు, లెనిన్‌ను చదివారు, పత్రిక నడిపారు, సినిమా తీశారు. నల్లవాళ్లకున్న అసలు బలం వీధిలో లేదని, కన్వేయర్ బెల్టు దగ్గర ఉందని వాదించారు. బెల్టు ఆగితే కంపెనీ ఆగుతుంది. ఇంతకంటే వర్గ దృక్పథం ఇంకేం కావాలి? వర్గాన్ని చీల్చింది డ్రమ్ కాదు. ఒకే బెల్టు మీద పనిచేసేవాళ్లకు చర్మం రంగును బట్టి వేర్వేరు పనులు, వేర్వేరు శిక్షలు పంచినవాళ్లు ముందే చీల్చి పెట్టారు. చీలిక ఉందని చెప్పినవాళ్లను చీల్చినవాళ్లు అనడం ఏం న్యాయం? ఊరికి ఆవలి వాడను చూపించినవాళ్లే ఊరిని విడదీశారన్నట్టుంది.

క్లాడియా జోన్స్ ఇదే మాట 1949లో ఇంకా లోతుగా చెప్పింది. ట్రినిడాడ్‌లో పుట్టి, చిన్నప్పుడే హార్లెం వచ్చిన కమ్యూనిస్టు నాయకురాలు. నల్ల స్త్రీ కార్మికురాలిగా, నల్ల మనిషిగా, స్త్రీగా మూడు విధాలా దోపిడీకి గురవుతోందని, ఇళ్లల్లో పనిచేసే నల్ల స్త్రీలను యూనియన్లు పట్టించుకోవడం లేదని పార్టీ సిద్ధాంత పత్రికలోనే రాసింది. సొంత పార్టీ మనుషులనూ వదల్లేదు. ప్రభుత్వం ఆమెను జైల్లో పెట్టి, 1955లో దేశం నుంచి పంపించేసింది. లండన్‌లో పత్రిక పెట్టింది, కరీబియన్ వలస జనాన్ని కూడగట్టింది, 1964లో చనిపోయింది. హైగేట్ శ్మశానంలో మార్క్స్ సమాధికి ఎడమ పక్కన ఆమె సమాధి ఉంది. మార్క్స్ సమాధి దగ్గర ఫోటో దిగి వచ్చే మనవాళ్లు రెండడుగులు ఎడమకు జరిగితే బాగుండు. 1977లో బోస్టన్‌లోని నల్ల స్త్రీవాదుల బృందం కొంబాహీ రివర్ కలెక్టివ్ ఇచ్చిన ప్రకటన ఆ దారిలో ఇంకో మెట్టు. "ఐడెంటిటీ పాలిటిక్స్" అనే మాటకు ఊపు తెచ్చింది ఆ ప్రకటనే. ఇప్పుడు ఆ మాటను తిట్టుగా వాడుతున్నవాళ్లలో ఎందరికి తెలుసు, ఆ ప్రకటన రాసినవాళ్లు తమను తాము సోషలిస్టులమని అదే ప్రకటనలో చెప్పుకున్నారని?

ఈ పాయ ఎంత ముఖ్యమో మనకంటే ప్రభుత్వానికి బాగా తెలుసు. బ్లాక్ పాంథర్లు 1969 జనవరిలో ఓక్లాండ్‌లోని ఒక చర్చిలో పేద పిల్లలకు పొద్దున్నే ఉచితంగా టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడాదే ఎఫ్.బి.ఐ. అధిపతి హూవర్ తన ఆఫీసర్లకు రాసిన నోట్‌లో, పాంథర్ల పనుల్లో అన్నిటికంటే ప్రభావం ఉన్నది, తమకు అన్నిటికంటే ప్రమాదం తెచ్చేది ఈ టిఫిన్ కార్యక్రమమే అన్నాడు. తుపాకీ గురించి కాదు, పిల్లల పళ్లెం గురించి. షికాగోలో ఫ్రెడ్ హాంప్టన్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు నల్లవాళ్లను, ప్యూర్టోరికో వాళ్లను, దక్షిణాది నుంచి వలస వచ్చిన నిరుపేద తెల్లవాళ్లను ఒక్క కూటమిలోకి తెచ్చాడు. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున పోలీసులు అతని ఇంటి మీద దాడి చేసి, మంచం మీదే చంపేశారు. అతని అంగరక్షకుడే ఎఫ్.బి.ఐ. మనిషి, ఇంటి నక్షా అతనే ఇచ్చాడు. పోలీసుల తూటాలు కనీసం 82 అని, లోపలివాళ్లు కాల్చింది ఒకే ఒక్కటని తర్వాత ఫెడరల్ విచారణలో తేలింది. "ఎన్‌కౌంటర్" అనే మాటకు అర్థం తెలిసిన తెలుగు పాఠకులకు ఇంకేమీ వివరించను.

వీళ్లను దేవుళ్లను చేయడానికి నేను ఇది రాయడం లేదు. పాంథర్లలో సగానికి పైగా స్త్రీలే అయిన రోజుల్లోనూ పెత్తనం మగవాళ్లదే. 1971లో న్యూటన్, క్లీవర్ ముఠాలుగా చీలి ఒకరినొకరు చంపుకునేదాకా వెళ్లారు. లీగ్ కూడా అదే ఏడాది చీలిపోయింది. కమ్యూనిస్టు పార్టీ సంగతి చెప్పక్కర్లేదు. 1930ల రెండో సగంలో పాపులర్ ఫ్రంట్ లైన్ వచ్చాక, నెత్తురు ధారపోసి కట్టుకున్న షేర్‌క్రాపర్స్ యూనియన్‌ను వేరే సంఘాల్లో కలిపేసి లేకుండా చేశారు. హేవుడ్‌ను 1950ల చివర్లో పార్టీ నుంచి బయటికి పంపారు. మాస్కోలో గాలి మారితే అలబామాలో లైన్ మారడం నిజం. అయితే ఆ తప్పులను మొదట పట్టుకుని, పేరుపెట్టి, బహిరంగంగా రాసినవాళ్లు హేవుడ్, క్లాడియా జోన్స్ లాంటి నల్ల విప్లవకారులే. వాళ్ల విమర్శను అరువు తెచ్చుకుని వాళ్లనే చెరిపేయడం కుదరదు.

మన దగ్గరి సంగతికొస్తాను. 1946లో అంబేద్కర్ డు బోయిస్‌కు ఒక ఉత్తరం రాశారు. నేషనల్ నీగ్రో కాంగ్రెస్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. ఆ కాంగ్రెస్ కమ్యూనిస్టులు కూడా ముఖ్యపాత్ర పోషించిన సంస్థ. ఎవరి వినతిపత్రం అని రంగు చూసి అంబేద్కర్ వద్దనుకోలేదు, అణగారినవాళ్లకు పనికొచ్చేది కాబట్టి అడిగారు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. మరుసటి ఏడాది వాళ్ల ప్రణాళిక దళితులు అనే మాటలోకి భూమిలేని కూలీలను, కార్మికులను, స్త్రీలను కూడా తెచ్చింది. ఆ తర్వాత మార్క్సిజం మీద గొడవపడే చీలిపోయారు. వాళ్ల గొడవ నిజాయితీ గల గొడవ, ఎందుకంటే రెండు వైపులవాళ్లూ మురికివాడలోనే బతుకుతున్నారు. మన గొడవ వేరు. మన వేదికల మీద ఒకాయన కింగ్‌ను విసురుతాడు, ఇంకొకాయన పాంథర్‌ను విసురుతాడు, సభ అయ్యాక అందరూ కలిసి టీ తాగుతారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఈ చరిత్రతో బాకీ ఉంది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ, తాను ఆర్యుడిని కాబట్టి తెల్లవాడి కిందే లెక్క, పౌరసత్వం ఇవ్వండి అని సుప్రీంకోర్టులో వాదించి ఓడిపోయాడు. మనకు తలుపు తెరిచింది 1965 వలస చట్టం. అది ఊరికే రాలేదు, నల్లవాళ్ల పౌరహక్కుల పోరాటం లేపిన గాలిలో వచ్చింది. సెల్మాలో లాఠీ దెబ్బలు తిన్నదీ అదే ఏడాది. ఆ దెబ్బల పుణ్యాన డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఇళ్లు కొనుక్కుని, "ఆ ఏరియా మంచిది కాదండీ, నల్లోళ్లు ఎక్కువ" అని చెప్పుకునేవాళ్లను నేను విన్నాను, ఈ వ్యాసం చదివేవాళ్లూ వినే ఉంటారు. థింద్ వాదన కోర్టులో ఓడినా మన డ్రాయింగ్ రూముల్లో ఇంకా గెలుస్తూనే ఉంది.

1980లో సహవాసి "ఏడు తరాలు" అనువాదంతో తెలుగు పాఠకుడు కుంటా కింటేను గుండెలకు హత్తుకున్నాడు. మంచిదే. బానిసత్వం చదివి కన్నీళ్లు పెట్టుకోవడం తేలిక, దోషులు దూరంగా ఉంటారు కాబట్టి. నెడ్ కాబ్‌ను చదివితే కన్నీళ్లు రావు, లెక్కలు వస్తాయి. ఎవరి భూమి, ఎవరి పాలు, ఎవరి పుస్తకంలో బాకీ అని అడుగుతాడు. ఆ ప్రశ్న కోనసీమ కౌలు రైతుకూ మహబూబ్‌నగర్ వలస కూలీకీ నేరుగా అర్థమవుతుంది. అర్థం కానిది మనకే.

అందుకని ఇకమీదట కుల వర్గ చర్చలో ఎవరైనా నల్లజాతి ఉద్యమాన్ని సాక్ష్యానికి పిలిస్తే, వాళ్లు ఏ వైపు వాళ్లయినా సరే, నేను టాలపూసా కౌలుదార్ల కోరికల చిట్టా ముందు పెడతాను. కూరగాయల పాదుకు జాగా, తొమ్మిది నెలల బడి, బడికి బస్సు. తెల్ల పిల్లల బడి నిండుగా నడుస్తుంటే నల్ల పిల్లలను పత్తి ఏరడానికి పంపిన చోట ఆ బస్సు అడగడం జాతి పోరాటమా, వర్గ పోరాటమా? రాల్ఫ్ గ్రేను కాల్చినవాళ్లకు ఆ తేడా అవసరం పడలేదు. మనకు ఎందుకు అంత అవసరం పడుతోందో చెప్పండి.